విశ్వకర్మ పూజ నాడు లావు ల్యాప్‌టాప్

తనుశ్రీకి కోపం ముక్కుమీదే ఉంటుందని హిందీ మాట్లాడే ఉక్కు ఊళ్లో, గోవింద్‌పూర్ కాలనీలో పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. ఆదిత్యపూర్ కార్ఖానాలకు మిషను భాగాల డ్రాయింగులు ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో గీసి పంపే మనిషిని పట్టుకుని, "మా కోడలు ఖాళీయే" అని మామగారు సీతారామరావు వచ్చినవాళ్లందరితో అంటుంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

రెండువేల ఏడులో ఆమె పాత కంప్యూటరు మూలపడింది. వెంటనే కొత్తది కొనకపోతే పని ఇంకొకరి చేతికి పోతుంది. భర్త సూరజ్ బిష్టుపూర్‌ దుకాణంలో పల్చగా మెరిసిపోతున్న ల్యాప్‌టాప్ చూసి ముచ్చటపడ్డాడు. తనుశ్రీ దాన్ని తిరగేసి, "పాడైతే ఎలా విప్పాలి?" అని అడిగింది. దుకాణదారు ఆమె మొహం చూడకుండా సూరజ్‌ను చూసి నవ్వాడు. ఆమె మరి అక్కడ నిలబడలేదు.

సాక్చి బజారులో లావుపాటిది కొంది. దాని బ్యాటరీ చేత్తో ఊడివస్తుంది, నాలుగు మరలు తీస్తే కీబోర్డు లేస్తుంది, మెమరీ తర్వాత పెంచుకోవచ్చు.

"ఇటికరాయిలా ఉంది," అన్నాడు సూరజ్.

"ఆడుకునే బొమ్మకి ఇంత కర్చేటి?" అన్నాడు సీతారామరావు. ట్రక్కుల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా రిటైరైన ఆయన లెక్కలో, చేతికి నూనె అంటనిది పనే కాదు.

విశ్వకర్మ పూజ నాడు ఆ ఇంట్లో పనిముట్టన్నది ఎవరూ ముట్టరు. స్పానర్లు, స్క్రూడ్రైవర్లు, సూరజ్ బైకు తాళం పీట మీద పేర్చి సీతారామరావు బొట్లు పెట్టాడు. తనుశ్రీ స్నానం చేసి వచ్చేసరికి ఆమె ల్యాప్‌టాప్ కూడా పీట మీదే ఉంది. మూత తెరిచి, నడుస్తూనే ఉంది. ఆమె "మావయ్యా" అనేలోపే ఆయన కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు అన్నిటి మీదా చిలకరించాడు. ఇనుముకి ఏనాడూ ఏమీ కాలేదు మరి. ల్యాప్‌టాప్ తెర మాత్రం ఆరిపోయింది. మర్నాడు పొద్దున్నే కార్ఖానాకి అందాల్సిన గేరు డ్రాయింగు అందులోనే ఉంది.

"ఎవర్నడిగి తెచ్చారు?" అంది తనుశ్రీ.

"దానికీ మంచి జరగాలనే గదమ్మా."

"జానే దో, నయా లే లేంగే," పోనీ కొత్తది కొనుక్కుందామని తేలిగ్గా హిందీలో అన్నాడు సూరజ్.

ఆమె మొగుణ్ణి కొరకొరా చూసి, బ్యాటరీ లాగేసి, ల్యాప్‌టాప్ బోర్లించింది. పీట మీది చిన్న స్క్రూడ్రైవర్ కోసం వంగింది. మామగారు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఈయేళ పనిముట్టు ముట్టకూడదమ్మా. నీ పని ఒక్క రోజు ఆపితే ఏటి మునిగిపోద్ది?"

"నాకు పనెక్కడిది మావయ్యా? నేను ఖాళీయే కదా. ఇది బొమ్మే కదా. ఇన్నాళ్లూ లేని పని ఈయేళ ఆపడానికి ఎక్కడినుంచి వచ్చిందేటి?"

సీతారామరావు చెయ్యి తీయలేదు. తనుశ్రీ ఆ చెయ్యి పక్కకు నెట్టి, కుంకుమ అంటిన స్క్రూడ్రైవర్ తీసుకుని మరలు విప్పింది. లోపలంతా తుడిచి కీబోర్డును ఎండలో ఆరబెట్టింది. సాయంత్రానికి తెర వెలిగింది.

దీపాలవేళ పక్కింటి నూకమ్మ ప్రసాదానికి వచ్చి, "కోడలేదీ, ఖాళీగా ఉందేటి?" అంది.

సీతారామరావు ఆమె చేతిలో ప్రసాదం పెట్టాడు.

"డ్యూటీలో ఉంది," అన్నాడు.

లోపల తనుశ్రీకి ఆ మాట వినపడింది. ఇన్నేళ్లకా, అనుకుంది. కోపం దిగలేదు. తలెత్తకుండా గేరు పళ్లు గీస్తూనే ఉంది.