అడిగి పొమ్మన్న మాస్టర్ సాబ్

అందరూ బాగున్నారా? చక్కెర ఉన్నవాళ్ళు పొద్దుటి మాత్ర వేసుకున్నారా? మోకాళ్ళ నొప్పులవాళ్ళు మెట్లు మెల్లగా దిగుతున్నారా? పిల్లల దగ్గు తగ్గిందా? ఇవన్నీ అడగందే నాకు అసలు మాట రాదు, ఏమీ అనుకోకండి. మా మాస్టర్ సాబ్ పోయారు. శాలిబండలో మా ఇంటి కింది గదిలో కంప్యూటర్ నేర్పిన మాస్టర్ సాబ్. పోయిన వారం సాయంత్రం నమాజుకు లేవబోయి, అలాగే కూర్చుండిపోయారట.

బీపీ చూపించుకున్నారా అని నేను రోజూ అడిగేదాన్ని. "మీరు అడిగినప్పుడే పెరుగుతది అమ్మా" అని నవ్వేవారు. జేబులో పటికబెల్లం ఉండేది. ఎవరి ప్రోగ్రాం ఆగిపోతే వాళ్ళకు ఒక ముక్క. పనిచేసినవాళ్ళకు మాత్రం లేదు. "సంతోషంల ఉన్నోనికి తీపి ఎందుకు?" అనేవారు. ఆ ముక్క కోసమే తప్పులు చేసే పిల్లలు కూడా ఉన్నారని నా అనుమానం.

మా కోడలు ఆయన దగ్గరే నేర్చుకుంది. ఇల్లు దాటి చేసిన మొదటి పని పత్తర్‌గట్టిలో ఒక పెళ్ళి బట్టల దుకాణానికి. వచ్చినవాళ్ళు ఫోన్‌లో పెళ్ళికూతురి 'ఖడా దుపట్టా' అని నొక్కితే, దుకాణంలోని సర్వర్ మిషన్ ఆ ఫోల్డర్‌లో ఉన్న ఫొటోలన్నీ తీసి చూపాలి. మా కింది గదిలో అన్నీ చక్కగా వచ్చాయి. దుకాణంలో పెట్టేసరికి తెల్లగా ఖాళీ! సాయంత్రానికి కనబడకపోతే పని ఇంకొకరికి ఇస్తానన్నాడు సేఠ్. కోడలు ముఖం వేలాడేసుకుని వచ్చింది.

"ఎలుక వైరు కొరికిందేమో, పిల్లా" అన్నాను.

"ఎలుక గాదు అత్తమ్మా, నేనే ఏదో చేసిన."

మాస్టర్ సాబ్ తెరలోకి చూసి పకపకా నవ్వారు. "అరే బేటీ, గీ డ్రైవ్, గా ఫోల్డర్ అని మన గది కంప్యూటర్ దారి రాసి పెట్టినవ్. సేఠ్ మిషన్ల గా దారి ఏడున్నది?"

"మరి ఏం రాయాలె సార్?"

"దారి రాయొద్దు, అడగాలె. ఫోన్ నొక్కినోళ్ళకు ఫోల్డర్ పేరే తెల్సు. అది అసలు ఏ జాగల ఉన్నదో సర్వర్‌కు తెల్సు. ప్రతిసారి దాన్నే అడుగు, చెప్పిన కాడికి పో. మీ అత్తమ్మ పాలు పోసినట్ల!"

గదంతా నవ్వు. నాకు సిగ్గేసింది. మాది గౌలిపుర పాల కుటుంబం. మోకాళ్ళు బాగున్నన్నాళ్ళు ఇల్లిల్లూ తిరిగాను. ఒక పెద్ద ఇంటికి 'దర్జీ ఇల్లు' అనే పేరు. అన్నదమ్ముల కుటుంబాలన్నీ అందులోనే. ఎవరి పెళ్ళైనా కాపురాలు ఒక అర్రలోనుంచి ఇంకో అర్రలోకి మారిపోయేవి. ఒకరి పాలు ఇంకొకరి పొయ్యి మీదికి పోతాయేమోనని నా భయం. అందుకే రోజూ గేటు దగ్గర నిలబడి, ముందు ఆ ఇంటి పెద్దావిడతో మొదలుపెట్టి, "పెద్ద బీ ఇయ్యాల ఏ అర్రల ఉన్నది?" అని కేకేసేదాన్ని. "నిన్ననే పోసినవ్ గదా, మళ్ళ గదే లొల్లి!" అని లోపలినుంచి తిట్లు. టీ తాగుతూ ఎప్పుడో చెప్పిన ముచ్చట మాస్టర్ సాబ్ మనసులో పెట్టుకున్నారు.

"నేను భయంతోని అడిగేదాన్ని మాస్టర్ సాబ్."

"మంచి ప్రోగ్రాం గూడ భయపడాలె అమ్మా. నిన్నటి జాగల్నే ఇయ్యాల గూడ ఉంటదని నమ్మొద్దు."

నా ఫికర్‌ను మెచ్చుకున్న మనిషిని అప్పుడే చూశాను. చీకటి పడకముందే ఫొటోలు వచ్చాయి, పని కోడలికే దక్కింది. ఆ తర్వాత కొత్తగా చేరిన పిల్లలకల్లా "పాలమ్మ లెక్క అడుగు" అని చెప్పేవారు. టీ పట్టుకుని కిందికి దిగితే నన్ను ఎగాదిగా చూసేవాళ్ళు.

ఆయన పోయిన వారంలోనే సేఠ్ పాత మిషన్ తీసేసి కొత్తది పెట్టాడు. మళ్ళీ అంతా తెల్లగా ఖాళీ అవుతుందేమోనని నా భయం. కోడలి వెంట దుకాణానికి పోయాను.

"మాస్టర్ సాబ్ లేడు. ఇగ ఎవర్ని అడుగుదుం?"

"మనం అడుగుడు ఎందుకు అత్తమ్మా? అదే అడుగుతది."

ఫొటోలు కొత్త మిషన్‌లో వేసి, ఫోన్ నొక్కింది. కాసేపు తెల్లగా ఉంది. తర్వాత ఒక ఎర్ర దుపట్టా. దాని వెనక పచ్చది, జరీ అంచుది, ఇంకా ఇంకా... ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మార్చలేదు. దుకాణంలో అందరూ చూస్తుండగా నేను పెద్దగా నవ్వేశాను. కొంగున కట్టుకున్న పటికబెల్లం తీసి కోడలి నోట్లో పెట్టాను.

"పనిచేస్తే ఇయ్యరు గదా అత్తమ్మా?"

"తిను. ఆయన చూస్తే నాతోని లొల్లి పెట్టుకోనీ."

వెనక గల్లీలో మాస్టర్ సాబ్ భార్యకు ఫోన్ చేసి ఈ ముచ్చట చెప్పాను. వాళ్ళది కూడా నిండా మనుషులున్న ఇల్లే. ఇప్పుడు ఆమెను లోపలి గదికి మార్చారట. "ఏ అర్రల ఉన్నవ్ ఆపా?" అన్నాను. మాస్టర్ సాబ్ పోయాక మొదటిసారి ఆమె నవ్వడం విన్నాను. "ఫోన్ల చెప్ప. వచ్చి గేటు కాడ అడుగు!"

ఈ శుక్రవారం, మధ్యాహ్నం నమాజు అయ్యాక పోతున్నాను. పాల గిన్నె పట్టుకుని గేటు దగ్గర నిలబడి, గట్టిగా కేకేసి అడుగుతాను.