ఒంటి చిలుక

మొన్న అచ్చంపేటలో వాన దంచికొట్టి మా అద్దె ఇంటి అలమర వెనక గోడ చెమ్మ పట్టింది. ఆ అలమరలో ఏళ్ళ తరబడి దాచుకున్న పిల్లల బొమ్మల కట్టలున్నాయి. డ్రాయింగు టీచర్ల ఇళ్ళలో బంగారం ఉంటుందో లేదో గానీ, ఐదు కాళ్ళ ఏనుగులు మాత్రం భద్రంగా ఉంటాయి. వాటిని ఒక్కొక్కటే మంచం మీద ఆరబెడుతుంటే అడుగున ఒక షీటు దొరికింది. కుండ సగం, దాని పక్కన ఒకే ఒక చిలుక. కుడివైపంతా ఖాళీ. ఆ ఖాళీలో ఎర్ర పెన్నుతో నా రాత. చదవడానికి కళ్ళజోడు వెతుక్కోలేదు, అందులో ఏముందో నాకు కంఠతా వచ్చు.

అప్పట్లో నేను గద్వాలలో ఒక ప్రాథమిక పాఠశాలలో బొమ్మలూ డిజైన్లూ నేర్పేదాన్ని. మాది తెలకపల్లి దగ్గర పల్లె. చేలో పత్తి ఏరి పెరిగాను గానీ, ఆ పత్తి నూలై, నూలు చీరై ఎలా బయటికొస్తుందో ఒక్కనాడూ నిలబడి చూసిన పాపాన పోలేదు. డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షలు రెండూ ఒకేసారి పాసయ్యానన్న గర్వం మాత్రం బాగా ఉండేది. ముందు బయటి గీత, తర్వాత లోపలి గీత, ఆ తర్వాతే రంగు. ఇవి నా క్లాసులో చట్టాలు. కాగితంలో ఖాళీ కనబడితే ఉడకని అన్నం వడ్డించినట్టు నాకు ప్రాణం గిలగిల్లాడేది.

నాలుగో తరగతిలో నేతపని చేసే ఇంటి పిల్ల ఒకతి ఉండేది. మాటలు తక్కువ, పెన్సిలు మొన మాత్రం సూదిలా చెక్కుకునేది. సీతాకోకచిలుకను వేయమంటే ఒక రెక్క వేసి ఇచ్చింది. తామరపువ్వు వేయమంటే సగం పువ్వు. తక్కినదేదని అడిగితే "అయిపోయింది టీచర్" అనేది, అన్నం తిన్నావా అంటే తిన్నానన్నంత మామూలుగా. ఒంటిరెక్కతో ఇది ఎగిరేదెట్లనమ్మా అని నేను వెక్కిరిస్తే క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల కూడా నవ్వింది. అందుకని నేను చేసినదాంట్లో తప్పేమీ కనబడలేదు నాకు.

ఆ ఏడు బడిలో బొమ్మల ప్రదర్శన పెట్టాం. చేతిరుమాలుకు డిజైను వేయమని అందరికీ ఒక్కో షీటు ఇచ్చాను. ఈ పిల్ల మూడు రోజులు ఒంచిన తల ఎత్తకుండా వేసి సగం కుండా, ఒక చిలుకా నా చేతిలో పెట్టింది. కుండ సరిగ్గా మధ్యకు కోసినట్టు నిలువు గీత దగ్గర ఆగిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఖాళీ జాగాలో "సగమే వేశావు. శ్రద్ధ లేదు" అని రాసి ఇచ్చేశాను, గోడకు పెట్టలేదు. ఆ మర్నాటి నుంచి ఆ పిల్ల నా క్లాసులో పెన్సిలు ముట్టలేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. అలిగిందిలే, రెండు రోజుల్లో దిగొస్తుంది అనుకున్నాను. మూడు వారాలు గడిచాయి.

ఒక మధ్యాహ్నం వాళ్ళ తాత బడికొచ్చాడు. చంకలో ఆ షీటు చుట్ట. కుడిచేయి వణుకుతుంటే ఎడమచేత్తో దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. ఆయన చెప్పిందేమిటంటే, చీరల డిజైన్లు గళ్ళ కాగితం మీద గీయడం ఆయన పని. వణుకు వచ్చినప్పటి నుంచి ఆయన చెబుతుంటే మనవరాలే గీస్తోంది. ఇప్పుడు ఆ పిల్ల తనకు గీయరాదంటోంది, ఇంట్లో కూడా పెన్సిలు పట్టడం లేదు, కొత్త కొంగు డిజైను గళ్ళ మధ్యలో ఆగిపోయింది. నా మీద కోపంతో వచ్చాడనుకుని జవాబులు సిద్ధం చేసుకుంటున్నాను.

"తప్పు నాదే టీచరమ్మా," అన్నాడాయన. "నాకు తెల్సింది గంతే, గదే నేర్పిన. పూర్తి బొమ్మ ఎట్ల గియ్యాల్నో మీరే జర చెప్పుండ్రి. పిల్ల చెయ్యి మాత్రం ఆగిపోనియ్యకుండ్రి."

ఆయన ఏం నేర్పాడో, అందులో తప్పేమిటో నాకు అంతుపట్టలేదు. బడి వదిలాక ఆయన వెంట వాళ్ళింటికి వెళ్ళాను. ముందుగదిలో ఆ పిల్ల నాన్న గుంట మగ్గం మీద కూర్చుని కొంగు నేస్తున్నాడు. మగ్గం నెత్తిన, డిజైను ప్రకారం చిల్లులు కొట్టిన అట్టల దండ వేలాడుతోంది. ఆ కొంగుకు గీసిన పాత గళ్ళ కాగితాన్ని తాత నాకు చూపించాడు. దాని మీద ఒక నెమలి, సగం తామరపువ్వు. అంతే. సగానికే అట్టలకు చిల్లులు కొడతారట, మగ్గానికి దారాలు కట్టిన తీరును బట్టి రెండో సగం ఎదురుగా దానంతటదే పడుతుందట. చెబితే నాకు బుర్రకెక్కలేదు. ఆయన కొడుకు కాలితో తొక్కాడు. పైన అట్ట కదిలింది, దారం మోసే నాడె అటు నుంచి ఇటు దూసుకుపోయింది, వెంట్రుకంత జరీ పడింది. ఇటు నెమలి ముక్కు మొదలైన క్షణానే అటు కూడా ఒక ముక్కు మొదలైంది. కాగితం మీద లేని నెమలి నా కళ్ళ ముందు పోగు పోగుగా పుట్టుకొస్తుంటే మగ్గం మీదికి వంగి చూస్తూ ఉండిపోయాను.

తాత గూట్లోంచి బొట్టు పెట్టుకునే అద్దం తెచ్చి, చంకలోని షీటు నేల మీద పరిచి, కుండ ఆగిపోయిన గీత మీద అద్దాన్ని నిలబెట్టాడు. కుండ నిండుగా అయింది. దానికి చెరోవైపు రెండు చిలుకలు ఎదురెదురుగా కూర్చున్నాయి. గీత ఒక్క వెంట్రుకవాసి తప్పలేదు. నేను రాసింది అద్దం వెనక్కి పోయింది. తొమ్మిదేళ్ళ పిల్ల లేని సగాన్ని మనసులో అంత స్పష్టంగా చూస్తూ ఉన్న సగాన్ని గీసింది. నేను ఉన్నదాన్ని కూడా సరిగ్గా చూడలేదు. సిగ్గేసింది, ఆ సిగ్గుకంటే పెద్దగా ఆశ్చర్యం వేసింది.

ఆ పిల్ల గడప దగ్గర తలుపు పట్టుకుని చూస్తోంది. దగ్గరికి పిలిచి, నువ్వు వేసింది పూర్తి బొమ్మే, నాకే చూడరాలేదు అని చెప్పాను. ఆ పిల్ల వంగి అద్దంలోకి చూసింది.

"మరి ఎర్రగ రాసింది పోతదా టీచర్?" అంది.

ఈ కాగితం నాకిచ్చెయ్యి, కొత్తది తెచ్చిస్తాను అన్నాను. తల ఊపింది. తర్వాత తాత పక్కన చతికిలబడి, మధ్యలో ఆగిపోయిన గళ్ళ కాగితాన్ని ముందుకు లాక్కుని, పెన్సిలు మొన వేలితో చూసుకుని, గళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. తాత వణికే చేయి ఆ పిల్ల భుజం మీద వేశాడు. నేను చెప్పకుండానే లేచి వచ్చేశాను.

ఇప్పుడా తాత లేడు. పిల్ల వనపర్తిలో చదువుకుంటోంది, సెలవులకు వచ్చినప్పుడు నాన్నకు డిజైన్లు గీసిస్తుందని విన్నాను. మంచం మీద షీటు ఆరింది. చెమ్మకు కుండ పసుపు కరిగి మరకైంది, చిలుక ఆకుపచ్చ ఆనవాలుగా మిగిలింది. ఈ వాన చెమ్మ ఆ పిల్ల వేసిన రంగులన్నీ పట్టుకుపోయింది గానీ, నేను రాసిన రెండు ముక్కలను మాత్రం ముట్టుకోలేదు.