కోదాడ ఆంప్లిఫయర్ ఇంటికి రాకముందే రవన్న వెళ్ళిపోయాడు

నిన్న పొద్దున మిర్యాలగూడలో క్లాసులో పాఠం చెబుతున్నాను. స్వరూప వదిన ఫోన్.

"తమ్మీ, మీ అన్న లేస్తలేడు."

అంతే అన్నది. నేను బస్సెక్కి సూర్యాపేట చేరేలోపు అంతా అయిపోయింది. ఛాయ్ తాగి, గుండెల్లో మంటగా ఉందని గ్యాస్ టాబ్లెట్ వేసుకున్నాడట. దవాఖాన దాకా కూడా ఆగలేదు.

మా రవన్న ఇక లేడు.

మీలో చాలామందికి ఆయన మైక్ సెట్ రవన్నగానే తెలుసు. సూర్యాపేట చుట్టుపక్కల ఎన్ని పెళ్ళిళ్ళకు సౌండ్ పెట్టాడో లెక్కలేదు. కానీ ఇంట్లో ఆయన వినే పద్ధతే వేరు. కళ్ళు మూసుకుని, ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ వినేవాడు.

రెండేళ్ళ కింద హైదరాబాద్‌లో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తుంటే ఒక జత ఫారిన్ స్పీకర్లు తెచ్చుకున్నాడు. ఒక్కొక్కటి ఇద్దరు మోస్తే గానీ కదలదు. మామూలు ఆంప్లిఫయర్ పెడితే వేడెక్కి ఆగిపోయేది. పాత ట్యూబ్ ఆంప్లిఫయర్ ఒకటి సరైనది దొరికితే చాలని అప్పటి నుంచి వెతుకుతూనే ఉన్నాడు.

ఎక్కడికి వెళ్ళినా ఒక స్పీకర్‌ను ట్రాలీ ఆటోలో వెంట తీసుకెళ్ళాల్సిందే. "మన స్పీకర్‌తోని ఇనకుండ ఎట్ల తీసుకుంటం తమ్మీ" అనేవాడు. దారిలో జనం బీరువా అనుకునేవాళ్ళు.

మిర్యాలగూడలో ఒక చిన్న ఆంప్లిఫయర్ నేనే చూపించాను. గాజు ట్యూబులు నారింజ రంగులో వెలుగుతుంటే నేను ఫిదా. ఆడగొంతు పాట తేనెలా ఉంది. డప్పు మొదలవగానే మాత్రం సౌండ్ నలిగిపోయింది.

"గొంతు మంచిగున్నది గని దమ్ము లేదు. మన స్పీకర్లు అడిగే కరెంటు గిది ఇయ్యలేదు."

అంత అందమైనదాన్ని వదిలి వచ్చేశాడు.

తర్వాత కోదాడ. ఒక రిటైర్డ్ లెక్చరర్ గారి ఇల్లు. ఆయన చనిపోయి మూడేళ్ళు. వాళ్ళావిడ అమ్ముతామన్నారు. ఆంప్లిఫయర్ నల్లగా, మొద్దుగా, దుమ్ము పట్టి ఉంది. నాకు అస్సలు నచ్చలేదు.

అన్న నేరుగా ప్లగ్ పెట్టలేదు. ముందు మూత విప్పి మీటర్‌తో చూశాడు.

"ట్యూబులు పోతే మళ్ళ దొరుకుతయ్. గీ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతే ఖతం. ఇది మంచిగనే ఉన్నది."

రెండు కండెన్సర్లు మార్చాడు. కరెంట్ ఒక్కసారిగా తగలకుండా మధ్యలో సిరీస్ బల్బు పెట్టి మెల్లగా ఎక్కించాడు. మా స్పీకర్ కలిపి పాట పెట్టాడు.

డప్పు దెబ్బ ఒక్కొక్కటి విడివిడిగా, గట్టిగా వచ్చింది. అన్న నా వైపు చూసి తల ఊపాడు. రెండేళ్ళలో ఆ ముఖం అలా వెలగడం అదే మొదటిసారి.

అప్పుడు ఆమె చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి కూర్చున్నారు. పాట అయిపోయేదాకా లేవలేదు.

"ఆయన రోజూ మధ్యాహ్నం పాటలు పెట్టేవారు బాబూ. నేను వంటింట్లోంచే వినేదాన్ని. ఇలా ఎదురుగా కూర్చుని ఎప్పుడూ వినలేదు."

లేచి, ఆంప్లిఫయర్ మీది దుమ్ము కొంగుతో తుడుస్తూ అన్నారు: "ఏమీ అనుకోకండి. దీన్ని ఇవ్వలేను."

అన్న ఒక్క మాట ఎదురు చెప్పలేదు. "మీరే ఉంచుకోండమ్మా. వారానికొక్కసారన్న ఆన్ చెయ్యుండ్రి" అన్నాడు. వాళ్ళింట్లో మూలనున్న స్పీకర్లు కలిపి, ఎలా ఆన్ చేయాలో కాగితం మీద రాసిచ్చి వచ్చాడు.

ఆటోలో నేను కోపంతో ఊగిపోయాను. "రిపేర్ చేసి మరీ వదిలేసి వస్తవా అన్నా?"

"నా స్పీకర్లు గిట్ల పలుకుతయని ఇయ్యాల్ల తెల్సింది. ఆమె కూడ ఇన్నది. మంచిగనే అయింది గద."

నాకు అప్పుడు అర్థం కాలేదు.

పోయిన వారం ఆమే ఫోన్ చేశారు. కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారట. అక్కడ చోటు లేదట. "వేరేవాళ్ళకి ఇవ్వబుద్ధి కావట్లేదు, మీరే వచ్చి తీసుకెళ్ళండి" అన్నారు.

అన్న చిన్నపిల్లాడైపోయాడు. గాలి తగిలేలా స్టాండ్ చేయించాడు. ఆదివారం ఇద్దరం స్పీకర్లను గోడ నుంచి ముందుకు జరిపాం.

"ఎడమ చెయ్యి గుంజుతున్నది తమ్మీ."

"ఇంత బరువు జరిపితే గుంజదా?" అని నవ్వాను.

నవ్వాను. దాని తర్వాత ఏమన్నాడో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

కోదాడ వెళ్ళాల్సింది నిన్ననే. నేను హాఫ్ డే లీవ్ కూడా పెట్టాను.

నిన్న ఇంటి ముందు జనం. లోపల వదిన ఏడుపు. టేబుల్ మీద అన్న ఫోన్ మోగింది. ఎవరూ తీయడం లేదని నేను తీశాను.

"బాబూ, బయల్దేరారా? ఇద్దరికీ భోజనం వండాను."

చెప్పాలి.

"ఇయ్యాల్ల రాలేడమ్మా" అన్నాను.

"అయ్యో, పర్లేదు, రేపు రమ్మనండి."

సరేనని పెట్టేశాను. టీచర్‌ని. రోజూ నలభై మంది ముందు మాట్లాడతాను. ఒక్క వాక్యం చెప్పలేకపోయాను.

ఈ పొద్దున ఫోన్ చేసి చెప్పాను. ఎప్పుడు, ఎలా అని ఆమె అడిగి తెలుసుకున్నారు.

తర్వాత మెల్లగా అడిగారు.

"మరి ఇప్పుడు దీన్ని ఎవరికివ్వను బాబూ?"

ఆ స్పీకర్ల ముందు కూర్చోవడానికే మా ఇంట్లో ఎవరికీ ధైర్యం లేదు.

వెళ్ళిరా రవన్నా. చెయ్యి నొప్పి అన్నప్పుడు నేను వినలేదు, మన్నించు.

నువ్వున్న చోట నీకు ఏ నొప్పీ లేకుండా ఉండాలి.