ఎడమ పక్కనే నమిలే పిల్ల

చర్ల మండలంలో ఒక అడవి పల్లె బడికి నేనొక్కణ్ణే పంతుల్ని. హెడ్మాస్టరునూ నేనే, అటెండరునూ నేనే. ఆ ఇద్దరి మధ్య ఎప్పుడూ మాట తేడా రాలేదు.

మధ్యాహ్న భోజన పథకం వచ్చిన కొత్త. వంటకు కుదిరినామె పెనుబల్లి వైపు నుంచి భర్త వెంట వచ్చి స్థిరపడిన క్రైస్తవురాలు. మూడో తరగతితో చదువు ఆపేసింది. నేను బీఎస్సీ. ఎవరికి ఎక్కువ తెలుసన్న విషయంలో నాకు అనుమానం ఉండేది కాదు.

ఆ ఏడు నాలుగో తరగతి పిల్లల్ని గురుకులం ప్రవేశపరీక్షకు పంపాలి. సీటు వస్తే పై చదువు, రాకపోతే మిరపతోటల్లో కూలి. ఎవర్ని పంపాలో తేల్చడానికి నాకో పద్ధతి ఉండేది. నిలబడి పంతొమ్మిదో ఎక్కం గట్టిగా చెప్పాలి, చెప్పినవాళ్ళకే దరఖాస్తు. ఒక కోయ పిల్ల నిలబడింది, పెదవులు బిగించింది, కూర్చుంది. రెండో రోజూ అంతే. ‘చురుకుదనం తక్కువ’ అని రాసి పేరు కొట్టేశాను. దస్తూరి మాత్రం చక్కగా కుదిరింది.

మర్నాడు అన్నాలయ్యాక వంటామె ఆ కోయ పిల్ల తిని వదిలిన పళ్ళెం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. పప్పు మాత్రం లేదు.

“ఈ పిల్ల నెల బట్టి ఎడమ పక్కనే నములుతాంది సార్. ఈ వారం అదీ లేదు. పప్పు తాగి లేస్తాంది. నోరు తెరిస్తే పన్నుకు గాలి తగుల్తాందని మూసుకుంటే, మీరేమో ఎక్కం రాదని రాసిండ్రు.”

మరి ఆ పిల్ల నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను.

“మీరు ఎక్కం అడిగిండ్రు సార్. పన్ను అడగలే.”

పళ్ళేలు కడిగే చోట నిలబడి ఎవరు ఏం వదిలారో చూడటం ఆమెకు అలవాటని తర్వాత తెలిసింది. ఎవరికి జ్వరం రాబోతోందో, ఎవరింట్లో పొద్దున పొయ్యి వెలగలేదో నా హాజరుపట్టీ కంటే ముందే ఆమెకు తెలిసేది.

పిల్లకు పలక ఇచ్చి రాయమన్నాను. పంతొమ్మిది దగ్గర ఆగమని నేను చెప్పలేదు కాబట్టి ఇరవై మూడో ఎక్కం దాకా రాసింది. దరఖాస్తు పంపాను. కానీ పరీక్ష దగ్గర పడుతుంటే బుగ్గ వాచింది. నిద్ర లేని పిల్ల పరీక్షేం రాస్తుంది?

తండ్రిని బడికి పిలిపించి, భద్రాచలం తీసుకెళ్ళి పన్ను పీకిద్దామంటే ఒప్పుకోలేదు. పై పన్ను పీకితే కళ్ళు పోతాయన్నాడు. అదంతా వట్టి మాటేనని చెప్పాను. మా నాయనమ్మ కూడా అదే మాట అనేది కాబట్టి మరీ గట్టిగా చెప్పలేకపోయాను. వంటామె చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే అంది:

“అన్నా, నావి పై పండ్లు రెండు పీకిండ్రు. నీ బిడ్డ తినే బియ్యంల రాళ్ళు ఏరేది నేనే. ఒక్కనాడన్న రాయి తగిలిందన్నదా?”

తండ్రి కూతురి వైపు చూశాడు. పిల్ల లేదన్నట్టు తల ఊపింది. నేను కాలేజీలో చూసిన రుజువులు ఇంత పొట్టిగా ఉండేవి కావు.

దవాఖానాలో పిల్ల కుర్చీ ఎక్కాక, వంటామె ప్రభువుకు చెప్పుకుంది, తండ్రి వాళ్ళ వేల్పుకు చెప్పుకున్నాడు. నేను గోడకున్న డాక్టరు గారి పట్టాకు చెప్పుకున్నాను. పన్ను ఊడింది. కళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. నాలుగో రోజుకు పిల్ల రెండోసారి అన్నం అడిగిందని వంటామె తరగతి గది గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పింది.

పరీక్ష రాసి బయటికొచ్చిన పిల్లను ఎలా రాశావని అడిగాను. అప్పటిదాకా నాతో ఒక్క వాక్యం పూర్తిగా మాట్లాడని మనిషి.

“పదిహేడో లెక్కకు ఇచ్చిన నాలుగు జవాబులూ తప్పే సార్” అంది.

బస్సులో దుమ్ముగూడెం దాటేదాకా ఆ లెక్క చేశాను. రెండుసార్లు తప్పు చేశాక, పిల్ల చెప్పిందే నిజమని తేలింది.

సీటు వచ్చింది. ఆ కబురు ముందుగా వంటామెకే చెప్పాలనిపించి పొయ్యి దగ్గరికి వెళ్ళాను. విని కాసేపు గరిటె తిప్పింది. తర్వాత, ఆ గురుకులంలో అన్నం వడ్డించేది ఎవరో కనుక్కొని చెప్పమంది.