మార్తమ్మ సంతకం

1957 ఎండాకాలం. అనంతపురంలో కోర్టు ఎదురుసందులో మా వకీలు గారి ఆఫీసు. నేను గుమాస్తాను. రెండు బీరువాలు, ఒక బల్ల, కాలు ఊగే కుర్చీ, కిటికీకి తడిపి కట్టిన వట్టివేళ్ల తడిక. వకీలు గారు వచ్చేలోపు పాళీలు తుడిచి, సిరాబుడ్లు నింపడం నా పని. ఇప్పటికీ వట్టివేళ్ల వాసన తగిలితే మనసు ఆ గదిలోకి పోతుంది.

ఒక ఉదయం ఉరవకొండ బస్సు దిగి తండ్రీకూతుళ్లు వచ్చారు. తండ్రి కూలి మనిషి. కూతురు మార్తమ్మకు ఇరవై రెండేళ్లుంటాయి. వాళ్ల పల్లెలో చర్చి ఊడ్చి, బెంచీలు తుడిచే పని ఆమెది. "నాయనా, నువ్వు బయట కూచో" అని తండ్రిని పంపించి, ఆమె నా ఎదురుగా కూర్చుంది.

మా పనిలో మొదటి మెట్టు స్టేట్‌మెంట్. పార్టీ చెప్పింది గుమాస్తా రాసుకుంటాడు, దాన్ని చూసి వకీలు ఫిర్యాదు తయారు చేస్తాడు. మార్తమ్మ తడబడకుండా చెప్పింది. ఊరంతా వేరుశనగ చేలకు చెనక్కాయలు పెరకడానికి పోయిన రోజు, ఆమె చర్చి ఊడుస్తుంటే పాస్టరు తలుపు గొళ్లెం పెట్టి ఆమెను పట్టుకున్నాడు. పెనుగులాడి కిటికీలోంచి దూకి తప్పించుకుంది. మర్నాడే పోయి సంఘం పెద్దలకు చెప్పింది. విచారిస్తాం, అంతవరకూ పోలీసుల దగ్గరికి పోవద్దన్నారు వాళ్లు. నాలుగు నెలలు నాన్చి, చివరికి ఆమెనే పనిలోంచి తీసేశారు. సంస్కారానికి, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధనకు, రావద్దన్నారు. పోలీసులేమో చర్చి గొడవ చర్చిలోనే చూసుకోమని పంపేశారు.

"నీకేం కావాలమ్మా?" అని అడిగాను.

"సంస్కారంలో నా చోటు నాక్కావల్ల సారూ. తప్పు నాది కాదని అందరి ముందర తేలల్ల."

ఆడమనిషి నోట అలాంటి మాటలు విని కాగితం మీద పెట్టడం అదే మొదలు. 'పాస్టరు అమర్యాదగా ప్రవర్తించినాడు' అని ఒక్క ముక్కలో తేల్చేశాను. పెద్దల సంగతి కోర్టుకెందుకులే అని అసలు రాయలేదు. కూలివాళ్ల పిల్ల కదా అని, అడగకుండానే వేలిముద్ర కోసం ఇంకుప్యాడు తీసి ముందుకు జరిపాను.

ఆమె ప్యాడు పక్కన పెట్టి కాగితం తీసుకుంది. ఒక్కో వరస కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివింది. చర్చిలో చేర్చుకునేముందు బైబిలు చదవడం నేర్పుతారని నాకు అంతవరకూ తెలియదు.

"నేను చెప్పిండేది ఈడ లేదు సారూ. గొళ్లెం పెట్టినాడంటి. అది యాడుండాది? మర్నాడే పెద్దల కాడికి పోయినానంటి. అదీ లేదు."

"అవన్నీ రాస్తే నీకే సిగ్గు కదమ్మా" అన్నాను.

"సిగ్గు మీరు పడినారు. నేను పడలా."

లోపలి గదిలోంచి వకీలు గారు విన్నట్టున్నారు. "ఏమప్పా, ఆ పాప చెప్పినట్లే రాయి. మన సిగ్గు కోర్టుకు పనికిరాదు" అన్నారు. మళ్లీ మొదటినుంచి రాశాను. ఆమె చదివి, అక్షరం అక్షరం విడివిడిగా సంతకం పెట్టింది.

పోలీసులు కేసు కట్టకపోతే నేరుగా మేజిస్ట్రేటు దగ్గర వేసేదాన్ని ప్రైవేటు కంప్లయింట్ అంటారు. మేం అదే వేశాం. క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే ఎదుటి వకీలు ప్రశ్నించేటప్పుడు, ఆయన బలమంతా ఒక్క ప్రశ్న మీదే పెట్టాడు.

"నిజమే అయితే నాలుగు నెలలు ఎందుకు ఊరకున్నావు?"

"ఊరకుండలేదు సామీ. మర్నాడే పెద్దలకు చెప్పినా. వాళ్లు తీర్పు చేస్తామంటే కాసుకున్యా."

ఫిర్యాదులో ఆ మాట ఉంది కాబట్టే మా వకీలు గారు సంఘం పెద్ద ఒకాయనకు కోర్టు ద్వారా ముందే సమన్లు పంపించారు. ఆయన బోనెక్కాడు. "మర్నాడే వచ్చింది సామీ. మేమే తాళుకోమంటిమి" అన్నాడు. నేను మొదట వదిలేసిన వరస అదే. పాస్టరుకు ఆరు నెలల జైలు పడింది.

కొన్నాళ్లకు మార్తమ్మ మళ్లీ వచ్చి ఒక కాగితం బల్ల మీద పెట్టింది. 'జరిగినదానిలో నా పొరపాటు కూడా ఉన్నది' అని రాసి, సంతకం పెడితే సంస్కారానికి రానిస్తామని పెద్దలు పంపించారు.

"దీంట్లో కూడా నేను చెప్పిండేది లేదు సారూ. ఒక తెల్లకాగితం ఇస్తారా?"

పాళీ తుడిచి ఇచ్చాను. ఆమే రాసుకుంది: 'తప్పు నాది కాదు. కోర్టు చెప్పింది. వచ్చే ఆదివారం వస్తాను. నా చోటు ఉంచండి.'

ఆ తర్వాతి వారం ఆమె తండ్రి తువ్వాలలో వేయించిన చెనక్కాయలు మూటకట్టుకుని వచ్చాడు. ఈసారి పిలవకుండానే గడప దాటి లోపలికొచ్చాడు. "రొట్టె పాప చేతిలో పెట్టినారు సామీ" అని కళ్లు తుడుచుకున్నాడు.

అటుపైన ఇరవై ఏళ్లు గుమాస్తాగిరీ చేశాను. రాసింది చదివి వినిపించి, "నువ్వు చెప్పింది ఇందులో ఉందా?" అని అడగకుండా మళ్లీ ఎవరి ముందూ ఇంకుప్యాడు తియ్యలేదు.