నల్లజీడి గుర్తు

1896 నాటి మాట. రాజమండ్రిలో ఒక మిషను ఆసుపత్రికి మైక్రోస్కోపు వచ్చేనాటికి యెహెజ్కేలు అక్కడ పాత కాంపౌండరు. అంతకుముందు ఒంటిమీద మచ్చ కనిపిస్తే కంటితోనే చూసి తేల్చేసేవాడు. ఆ కన్ను ఎవరి కొంప ముంచిందో అతనికి అప్పటికి తెలియదు, పాపం.

ఆసుపత్రి డాక్టరమ్మ దగ్గర మైక్రోస్కోపు పని నేర్చుకున్నాడు. మచ్చ అంచున మినపపొట్టంత తోలు కోసి, పల్చటి పొరలుగా తరిగి, రంగు వేసి, గాజుపలక మీద పెట్టి చూసేవాడు. ఎర్రటి పుల్లల్లాంటి పురుగులు గుంపుగా కనిపిస్తే పెద్దరోగం, అంటే కుష్ఠు. పురుగు లేకుండా పైపొరలో నీరు పట్టి ఉబ్బితే, ఒంటికి పడనిదేదో తగిలి వచ్చిన వాపు. ఏ రకం పలకలు ఆ రకం పెట్టెలోనే సర్దేవాడు.

ఒకనాడు మొగల్తూరు వైపు నుంచి ఒక రైతు ఇల్లాలు రత్నమాణిక్యాన్ని తీసుకొచ్చారు. మెడ వెనక నల్లగా పొక్కి రసి కారుతోంది.

"పెద్దరోగమైతే ఇంట్లోకి రానివ్వమండి," అన్నాడు మొగుడు, ఆమె ఎదుటే. ఏం నోరో!

పలకలో పురుగు ఒక్కటీ లేదు. పైపొరంతా నీటి బుడగలే. రవిక తిరగేసి చూస్తే, సరిగ్గా పుండుకు తగిలే చోట చాకలి నల్లజీడి గింజ రసంతో పెట్టిన గుర్తు. బట్టలు కలిసిపోకుండా ఊరూరా పెట్టే గుర్తే.

"రోగం కాదమ్మా. మీ ఒంటికి జీడి పడలేదు, అంతే. ఇంటికెళ్లండి," అన్నాడు.

ఆమె బావురుమంది. యెహెజ్కేలు మాత్రం ఆ రవిక మళ్లీ తిరగేసి గుర్తు చూశాడు. ఏడేళ్ల కిందట ఆసుపత్రి దుప్పట్లకు జీడి గుర్తులు పెట్టింది అతని చెల్లెలు ఏసమ్మే. ఆమె చేతులు ఇలాగే పొక్కితే, పెద్దరోగమని నలుగురిలో చెప్పింది యెహెజ్కేలే. ఊరివాళ్లు ఆమెను కాలవ అవతల పాకలో ఉంచారు. కూడు గట్టుమీద పెట్టి వచ్చేయడమే తప్ప దగ్గరికి వెళ్లినవాడు లేడు. మైక్రోస్కోపు వచ్చాక కూడా ఆమె తోలు చూడాలని అతనికి తోచలేదు. తేలిపోయిన సంగతి కదా మరి!

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? అయినా ఆ పూటే పడవెక్కాడు.

"చేతులు చూపించమ్మా," అన్నాడు పాక ముందు నిలబడి. ఏసమ్మ చాపింది. నున్నగా ఉన్నాయి.

"ఎప్పుడు తగ్గిందే?"

"ఇక్కడికొచ్చిన రెండో నెల్లోనే, అన్నయ్యా."

"మరి చెప్పలేదేంటి?"

"కూడు తెచ్చేవాళ్లకి గట్టుమీంచి అరిచి చెప్పాను. కాంపౌండరు గారి మాట అబద్ధమవుద్దా అన్నారు. నువ్వొస్తే చూపిద్దామని ఉన్నాను."