ఫౌంటెన్ దగ్గర కాసేపు

రేపల్లెలో నూర్ బీ అంటే ఎవరికీ తెలియదు, జాకెట్లు కుట్టే నూర్ బీ అంటే అందరికీ తెలుసు. పుట్టింది బాపట్లలో. పెళ్ళయి రేపల్లె వచ్చిన ఏడాదే కుట్టుమిషను ముందు కూర్చుంది. భర్త జాన్ సైదాది గ్యాస్ పొయ్యిలు బాగుచేసే చిన్న కొట్టు. మంచివాడే గానీ మాట పొదుపు. ఇద్దరు పిల్లలు. పెద్దది నగ్మాని బాపట్లలోనే ఇచ్చారు. చిన్నవాడు ఫహీం పెయింటింగ్ పని నేర్చుకుని తెనాలిలో ఒక మేస్త్రీ దగ్గర కుదిరాడు. పొద్దున పాసింజరెక్కి వెళ్ళేవాడు, చీకటి పడ్డాక మోచేతుల దాకా రంగులతో వచ్చేవాడు. నూర్ బీ కిరసనాయిలు గుడ్డతో తుడుస్తుంటే చిన్నపిల్లాడిలా చేతులు చాపి, కూర్చున్నచోటే కునికేవాడు.

మూడేళ్ళ కిందట రోహిణి కార్తెలో ఆ ఫహీం వడదెబ్బ తగిలి చనిపోయాడు. తెనాలిలో కాలవ పక్కన ఒక పాత ఫౌంటెన్ ఉంది. అందులో నీళ్ళు చిమ్మి ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. ఆటోవాళ్ళకి అదొక గుర్తు, అంతే. దాని చుట్టూ ఉన్న ఇనప కటకటాలకి రంగు వేస్తూ మిట్టమధ్యాహ్నం పడిపోయాడు. ఆస్పత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. పొద్దుగూకేసరికి ఇంటికి తెచ్చారు. నూర్ బీ చూసింది కొడుకు మొహాన్నే. వాడు పడిన చోటు ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు.

అది చూడాలని ఆమెకు ఎప్పుడు పట్టుకుందో గానీ, పట్టుకున్నాక వదలలేదు. కూతురి దగ్గరకి వెళ్ళాలంటే తెనాలిలో బండి మారాలి. రేపల్లె బండి దిగి బాపట్ల బండి వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద బెంచీకి అతుక్కుని కూర్చునేది. ఒంటరిగా బయటికి వెళ్ళడానికి కాళ్ళు వచ్చేవి కావు. భర్తని అడిగేది.

"ఈసారి ఫౌంటెన్ దాకా వెళ్ళొద్దామండి."

"ఈ ఎండలోనా? ఏముందక్కడ?"

"ఏం లేకపోయినా చూస్తాను."

"చల్లబడనీ, చూద్దాం."

చల్లబడ్డాక వానలనేవాడు. వానలయ్యాక కొట్టు వదిలి రాలేనని అనేవాడు. పొయ్యిల సామాను కోసం మాత్రం నెలకోసారి తనొక్కడే తెనాలి వెళ్ళొచ్చేవాడు. అతను ఇలా వాయిదాలు వేస్తుంటే నూర్ బీ ఎప్పుడూ ఎదురు చెప్పలేదు.

ఈ వేసవిలో నగ్మాకి కాన్పయింది. మనవరాలిని చూడ్డానికి ఇద్దరూ కలిసి బయల్దేరాల్సి వచ్చింది. ముందు రోజే నూర్ బీ అంతా సిద్ధం చేసుకుంది. గొడుగు, నీళ్ళ సీసా, తడిపి తలమీద వేసుకోవడానికి తువ్వాలు, రెండు నిమ్మకాయలు.

"రెండు బళ్ళకీ మధ్య గంట పైన ఉంటదంట. ఆటోలో పోయి, కాసేపు నిలబడి, అదే ఆటోలో వచ్చేద్దాం" అంది.

జాన్ సైదా తువ్వాలు వైపు, నిమ్మకాయల వైపు చూశాడు. వాటిని తీసి సంచిలో పెట్టాడు.

తెనాలిలో దిగేసరికి ప్లాట్‌ఫారం పెనంలా ఉంది. ఆటోవాడు ఫౌంటెన్ దగ్గర దింపాడు. నడుము ఎత్తు గుండ్రటి తొట్టి, మధ్యలో ముక్కు విరిగిన సిమెంటు కొంగ, చుట్టూ నీలం కటకటాలు. తొట్టి నిండా కాగితం ప్లేట్లు. నూర్ బీ కటకటాల మీద చెయ్యి వేసింది. కాలి వెంటనే తీసేసుకుంది. ఇంత వేడి ఇనుము పక్కన వాడు పొద్దుటి నుంచీ కూర్చున్నాడు కదా అనుకుంది.

ఎదురుగా గానుగ చెట్టు కింద ఒకావిడ మజ్జిగ అమ్ముతోంది. సరోజ ఆమె పేరు. జాన్ సైదాని చూసి గ్లాసు కడగడం మొదలుపెట్టింది.

"రా అన్నయ్యా. ఈసారి నెల దాటిపోయిందే. ఈవిడ వదినా?"

నూర్ బీ భర్త వైపు చూసింది. అతను కాలవ వైపు చూస్తున్నాడు.

"ఈయన ఎప్పుడూ వస్తారా అమ్మా?" అని అడిగింది.

"వస్తాడు. మజ్జిగ తాగుతాడు, ఆ కాలవ గట్టుమీద కూర్చుంటాడు, పోతాడు. ఒక్క మాట మాట్లాడడు."

నూర్ బీ చెట్టు కిందికి వెళ్ళి సరోజ పక్కన కూర్చుంది. "మూడేళ్ళయింది. ఇక్కడ రంగులేసే కుర్రాడొకడు..."

"అయ్యో, ఆ పిల్లాడా" అంది సరోజ. "ఇదుగో, నువ్వు కూర్చున్నచోటే పడుకోబెట్టాం. నీళ్ళు తలమీద పోశాం, మజ్జిగ పట్టబోతే దిగలేదు. ఇంటికి ఫోన్ చేస్తాం నంబరు చెప్పు నాయనా అంటే, వద్దండి, అమ్మకి చెప్పొద్దు, ఇంత ఎండలో బయల్దేరి వచ్చేస్తది అన్నాడు. కాసేపు పడుకుంటే తగ్గిపోద్దండి అన్నాడు. ఆ తర్వాత మాట లేదు." గ్లాసు అందిస్తూ అడిగింది, "మీకేమవుతాడమ్మా?"

"మా అబ్బాయి."

సరోజ చేతిలో గరిట ఆగిపోయింది. జాన్ సైదా వైపు తిరిగింది. "ఇన్నాళ్ళ నుంచీ వస్తున్నావు. ఒక్క మాట చెప్పలేదేం అన్నయ్యా?"

అతను గట్టుమీద కూలబడి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. కొడుకుని పూడ్చిన నాడు కూడా అతను అలా ఏడవలేదు. నూర్ బీకి ఏడుపు రాలేదు. మజ్జిగ గ్లాసు చేత్తో పట్టుకుని, తాగకుండా, కూర్చున్న నేలని అరచేత్తో నిమురుతూ ఉండిపోయింది. చివరికి ఆటోవాడే వచ్చి బండి టైమవుతోందని చెప్పాడు.

బాపట్ల బండిలో చుండూరు దాటేదాకా ఇద్దరూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.

"నన్నెందుకు తీసుకురాలేదు?" అంది నూర్ బీ.

"నువ్వొస్తే అడుగుతావు."

"మీరెందుకు అడగలేదు?"

"అడిగితే ఆమె చెప్తది కదా."

ఆ చోటు చూస్తే గుండె కాస్త తేలికవుతుందని మూడేళ్ళు ఎదురుచూసింది నూర్ బీ. ఇప్పుడు ఆ చోటుతో పాటు కొడుకు చివరి మాట కూడా వచ్చి చేరింది. ఆ ఎండలో తను బయల్దేరి ఉంటే రేపల్లె నుంచి ఎప్పటికి చేరేదో, బండి దొరికేదో లేదో, మళ్ళీ మళ్ళీ లెక్క వేసుకుంటూనే ఉంది.

బాపట్లలో నగ్మా పసిదాన్ని తల్లి ఒళ్ళో పెట్టింది. మొహాలు చూసి అడిగింది. "ఫౌంటెన్ దగ్గరకి వెళ్ళారా అమ్మీ?"

జాన్ సైదాయే చెప్పాడు. ఫౌంటెన్ గురించి, గానుగ చెట్టు గురించి, తలమీద నీళ్ళు పోసిన సరోజ గురించి.

"తమ్ముడు ఏమైనా మాట్లాడాడంటా?" అంది నగ్మా.

అతను భార్య వైపు చూశాడు.

"లేదంటమ్మా" అంది నూర్ బీ. "అప్పటికే స్పృహ లేదంట." పసిదాని కాళ్ళమీద గుడ్డ సర్దింది.